టైరు వెడల్పు – రిమ్ము వెడల్పు

ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా తొడుగుట నేర్పుతో కూడిన పని. కమ్మరి ముందుగా కొయ్య చక్రపు చుట్టుకొలత తీసికొనును. పట్టాను ఆ కొలతకంటె రవంత తక్కువగా చేసి, మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన పట్టాను చక్రముపై దింపి, వెంటనే నీళ్లు పోయును. చల్లారిన పట్టా బిగిసి, ఆకులను కొయ్య వలయమును ఒక్కటిగా పట్టి ఉంచును. కొలత ఎక్కువైనచో పట్టా దారిలో జారిపోవును. మరీ తక్కువైనచో కొయ్య విరుగును. ఈ విద్యకంతకును మూలము ఒక్క కొలత మాత్రమే.

గాలి టైరు వచ్చిన పిమ్మట ఆ ఒక్క కొలత చాలకపోయినది. సైకిలు చక్రమునకు చుట్టుకొలత సరిపోయినను వెడల్పు సరిపడవలెను. అది సరిపడనిచో మలుపులో టైరు ఊగిసలాడును. గుంటలో పడినపుడు ట్యూబు నలిగి తెగును. ఒక్కొక్కప్పుడు టైరు రిమ్మును విడిచి బయటికి వచ్చును. సైకిలుపై ముందొక బిడ్డను, వెనుకనొక బిడ్డను కూర్చుండబెట్టుకొని పోవు తండ్రికి ఇది చిన్న విషయము కాదు. ఈ రెండవ కొలతను గుర్తించుటకు లోకమునకు చాలకాలము పట్టినది. గుర్తించిన పిమ్మట దానిని తికమక లేకుండ వ్రాసికొనుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టినది. ఆ కథనే ఇచ్చట చెప్పుకొందము.

గాలి చక్రమును మొదట ఊహించినవాడు స్కాట్లండు దేశీయుడగు రాబర్టు విలియం థామ్సను. 1845లో, తన ఇరువదిమూడవ ఏట, అతడు ఇంగ్లండులో దానికి పేటెంటు పొందెను. రబ్బరు పట్టించిన గుడ్డతో ఒక గొట్టము చేసి, దానిపై తోలు తొడుగు వేసి, ఆ తోలును చక్రమునకు బిగించెను. ఆనాటికి సైకిలు ఇంకను జనుల వాహనము కాలేదు. అతని చక్రములు గుఱ్ఱపు బండ్లకు ఉద్దేశింపబడినవి. గాలిపై నడచు బండి మెత్తగా, చప్పుడు లేకుండ పోయినది. అయినను అది వాడుకలో నిలువలేదు. క్రమముగా జనులు దానిని మరచిపోయిరి.

నలువది సంవత్సరములు దాటిన పిదప ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు అదే సంగతిని మరల కనుగొనెను. థామ్సను పేరైనను ఆయన విని ఉండలేదు. కుమారుని మూడు చక్రముల బండి రాతి వీథులలో కుదుపుచుండగా, ఆ కుదుపు తగ్గించు ఉపాయము కొరకు ఆయన 1887లో ఒక కొయ్య బిళ్ల చుట్టును పలుచని రబ్బరు గొట్టమును చుట్టి, పైన నారగుడ్డ వేసి మేకులు కొట్టెను. దానిని, గట్టి రబ్బరు తొడిగిన చక్రమును పెరటిలో దొర్లించి చూడగా, గట్టి చక్రము నడుమనే ఆగిపోయినది; గాలి చక్రము పెరడంతయు దాటి తలుపునకు కొట్టుకొన్నది. 1888లో ఆయన పేటెంటు తీసికొనెను. 1889 మే మాసమున బెల్‌ఫాస్టు క్రీడలలో విల్లీ హ్యూమ్ అను పందెగాడు ఈ టైర్లు కట్టిన సైకిలు నెక్కి రాగా, ఆ లావు చక్రములను చూచి జనులు మొదట నవ్విరి. అతడు పందెములు గెలిచిన పిమ్మట ఆ నవ్వు ఆగినది. తరువాతి సంవత్సరమున థామ్సను పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకపోయినను, గాలి టైరును లోకమున నిలిపిన యశస్సు మాత్రము డన్‌లపుదే.

ఆయన మొదటి టైరున వెడల్పు చిక్కు పుట్టలేదు. కారణమేమనగా, ఆ టైరు రిమ్మునుండి విడివడునది కాదు. గుడ్డను రిమ్ముచుట్టు త్రిప్పి జిగురుతో అంటించెడివారు. టైరు, రిమ్ము ఒక్కటే వస్తువు. కాని ముల్లు గుచ్చుకొన్ననాడు ఆ సుఖమే కష్టముగా మారెడిది. 1889లో ఫ్రాన్సు దేశమున క్లెర్మాఁ-ఫెర్రాఁ పట్టణమందలి మిషెలిన్ సోదరుల రబ్బరు కర్మాగారమునకు ఒక సైకిలువాడు గాలి పోయిన డన్‌లప్ టైరుతో వచ్చెను. దానిని ఊడదీసి బాగుచేయుటకు మూడు గంటలు పట్టినది. జిగురు ఆరుటకు రాత్రియంతయు పట్టినది. మరునాడు ఎదువార్ మిషెలిన్ ఆ సైకిలెక్కి కొంతదూరము పోవునప్పటికి గాలి మరల పోయినది. విసుగు చెందుటకు మారుగా ఆయన ఆలోచించెను. 1891లో ఊడదీయదగిన టైరు సిద్ధమైనది. ఆ ఏడే పారిస్ నుండి బ్రెస్టు వఱకు పోయి తిరిగి వచ్చు సుమారు 1200 కిలోమీటర్ల పందెమును షార్ల్ తెర్రో అను పందెగాడు ఆ టైర్లతో 71 గంటల 22 నిమిషములలో ముగించి గెలిచెను. దారిలో పంక్చరైనను బాగుచేసికొని పోవచ్చునని లోకమునకు తెలిసినది.

టైరు ఊడివచ్చుట మొదలైననాడే అసలు ప్రశ్న పుట్టినది. జిగురు లేదు, మేకు లేదు. ఇక టైరును రిమ్ముపై నిలుపునది ఏది? ఈ ప్రశ్నకు 1890లోనే, ఒక నెల అటునిటుగా, రెండు సమాధానములు వచ్చినవి. ఛార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు రెండంచులలోను సాగని ఉక్కు తీగను ఇమిడ్చెను. ఆ తీగవలయము రిమ్ము పై అంచుకంటె చిన్నది. అందుచే గాలి ఎంత నెట్టినను అంచును దాటి పైకి రాలేదు. రిమ్ము నడుమ పల్లముగా ఉండును. టైరు ఎక్కించునపుడు తీగను ఒక ప్రక్క ఆ పల్లములోనికి దింపినచో రెండవ ప్రక్క అంచును దాటును. విలియం ఎర్‌స్కిన్ బార్ట్‌లెట్ వేరొక మార్గము పట్టెను. టైరు అంచున రబ్బరు ఉబ్బు ఉండును. రిమ్ము అంచు లోనికి వంగి కొక్కెమువలె ఉండును. గాలి నిండినకొలది ఆ ఉబ్బు కొక్కెము క్రింద నాటుకొనును. ఈ రెండు పేటెంట్లను డన్‌లప్ కంపెనీయే కొనివేసినది.

వెల్చ్ పద్ధతిలో టైరును పట్టి ఉంచునది తీగ. బార్ట్‌లెట్ పద్ధతిలో పట్టి ఉంచునది గాలియే. గాలి తగ్గినచో రెండవ దాని పట్టు సడలును. కాలక్రమమున తీగ పద్ధతియే నిలిచినది. మన దేశమున అనేక దశాబ్దముల పాటు తిరిగిన, కడ్డీ బ్రేకులు గల నల్లని పెద్ద సైకిళ్లన్నియు తీగ టైర్లవే. వాని రిమ్ములను వెస్ట్‌వుడ్ రిమ్ములందురు. వాటి అంచులు గుండ్రముగా చుట్టబడి ఉండును. లోపల కొక్కెము లేదు.

ఇప్పుడు అంకెల సంగతికి వత్తము. మనకు కలుగు తికమక అంతయు ఇచ్చటనే పుట్టినది. పూర్వపు తయారీదారులు టైరుపై వ్రాసిన పెద్ద అంకె రిమ్ము కొలత కాదు. గాలి నిండిన టైరు వెలుపలి వ్యాసము. 26 అంగుళముల టైరు అనగా చక్రము మొత్తము 26 అంగుళముల ఎత్తున నిలుచునని అర్థము. ఆ ఎత్తు మారకుండ టైరు లావు మార్చవలెనన్నచో చేయవలసినదేమి? రిమ్మును చిన్నది చేయవలెను. 26 × 1⅜ అను టైరు 590 మిల్లీమీటర్ల రిమ్మునకు, 26 × 1½ అను టైరు 584 మిల్లీమీటర్ల రిమ్మునకు, 26 × 1¾ అను టైరు 571 మిల్లీమీటర్ల రిమ్మునకు తగును. లెక్క వేసి చూడుడు. 1⅜ అంగుళములు 35 మిల్లీమీటర్లు. పైన ఒకటి, క్రింద ఒకటి కలిపిన 70. 590తో కూడిన 660. రెండవదానికి 584కు 76 కలిపిన 660. మూడవదానికి 571కి 89 కలిపిన 660. 26 అంగుళములన్నను 660 మిల్లీమీటర్లే. మూడు టైర్లును ఒకే ఎత్తు. కాని ఒకదాని రిమ్మున మరియొకటి కూర్చుండదు.

ఫ్రెంచివారు ఇదే ఏర్పాటును మిల్లీమీటర్లలో, అక్షరములతో చెప్పిరి. 700ఎ, 700బి, 700సి అను పేర్లలో 700 అనునది వెలుపలి వ్యాసము. అక్షరము లావును తెలుపును. ఎ సన్నము, సి లావు. అందుచేతనే 700ఎ రిమ్ము 642, 700బి రిమ్ము 635, 700సి రిమ్ము 622 మిల్లీమీటర్లు. ఆనాడు ఇది తెలివిగల ఏర్పాటు. లావు చెప్పినచో రిమ్ము తెలిసెడిది. రిమ్ము చెప్పినచో లావు తెలిసెడిది. వ్యాసము, వెడల్పు జంటగా నడచినవి.

ఆ జంట విడిపోవుటయే చిక్కునకు మూలము. పందెములవారు వేగము కొరకు 622 రిమ్ముపైననే సన్నని టైర్లు ఎక్కించిరి. వాటికిని 700సి అనియే పేరు నిలిచినది. ఇప్పుడు 700 అను అంకె దేనికిని నిజమైన కొలత కాదు; అది ఒక ఇంటిపేరు వంటిది. అమెరికాలో ష్విన్ కంపెనీ 1933లో 2⅛ అంగుళముల లావు బెలూను టైర్లను ప్రవేశపెట్టెను. వాటి రిమ్ము 559 మిల్లీమీటర్లు. వాటి పేరు కూడ 26 అంగుళములే! ఆ వంశమునకు చెందిన 26 × 1.75 అను టైరు 559 రిమ్మునకు చెందినది. 26 × 1¾ అను టైరు 571 రిమ్మునకు చెందినది. బడిపిల్లవాని నడిగినను 1.75, 1¾ ఒక్కటే యని చెప్పును. గణితమున ఒక్కటే, సైకిలు షాపులో మాత్రము వేరు. 559 టైరు 571 రిమ్మునకు ఎక్కదు, అది మేలే. కాని 571 టైరు 559 రిమ్ముపై సులువుగా ఎక్కును, వదులుగా కూర్చుండును, గాలి కొట్టగానే జారి బయటికి వచ్చును. ఎక్కని టైరు మనకు పని మాత్రమే పెంచును; సులువుగా ఎక్కిన టైరు ప్రమాదము తెచ్చును.

మన దేశపు వాడుకలోను ఇట్టి జంట కలదు. మన పెద్ద సైకిలు టైరు 28 × 1½. దాని రిమ్ము 635. అదే 28 అంకెతో మొదలగు 28 × 1⅝ × 1⅜ అను టైరు రిమ్ము 622. రెండింటికిని నడుమ భేదము 13 మిల్లీమీటర్లు. వంగదేశమందలి సాహాగంజ్‌లో 1936లో డన్‌లప్ కర్మాగారము వెలసినది; మద్రాసు సమీపమున అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్సు సంస్థ ఏర్పడి హెర్క్యులీస్ సైకిళ్లు తయారుచేసినది. పెద్ద సైకిలంతటికిని ఒకే కొలత చెల్లినంతకాలము మన ఊళ్లలో టైరు కొనువాడు 'పెద్ద సైకిలు టైరు' అనిన చాలెడిది. గేర్ల సైకిళ్లు, కొండబాటల సైకిళ్లు, పిల్లల సైకిళ్లు వచ్చిన పిమ్మట ఆ మాట చాలదు.

ఈ గందరగోళమును తీర్చుటకు ఐరోపా తయారీదారులు ఒక ప్రమాణ సంస్థగా కూడిరి. ఇ.టి.ఆర్.టి.ఓ. అను ఆ సంస్థ 1964లో ఆ పేరు తాల్చినది. వారి పద్ధతిలో టైరునకు రెండే అంకెలు. 37-622 అనినచో టైరు వెడల్పు 37 మిల్లీమీటర్లు. టైరు అంచు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము 622 మిల్లీమీటర్లు. మన పెద్ద సైకిలు టైరు 40-635. వెలుపలి ఎత్తును వదలి, టైరు రిమ్మును తాకు చోటును కొలిచిరి. అంతర్జాతీయ ప్రమాణములును ఈ పద్ధతినే స్వీకరించినవి. రిమ్ముపైనను వ్యాసముతో పాటు లోపలి వెడల్పు వ్రాయబడును. రిమ్ము రెండు ప్రక్క గోడల నడుమ ఖాళీయే లోపలి వెడల్పు. వెలుపలి వెడల్పును కొలిచి మోసపోరాదు.

ఈ రెండు వెడల్పులకు పొత్తు ఏల కావలెనో చూతము. టైరులోని గాలి దాని గుడ్డను అన్నివైపులకు నెట్టును. గుడ్డపై పడు లాగుడు, గాలి పీడనమును టైరు లావును గుణించినట్లు పెరుగును. 25 మిల్లీమీటర్ల టైరున 80 పౌండ్ల గాలి గుడ్డను ఎంత లాగునో, 50 మిల్లీమీటర్ల టైరున 40 పౌండ్ల గాలియే అంత లాగును. ఆ లాగుడంతయు చివరకు టైరు అంచుల మీదను, రిమ్ము గోడల మీదను పడును. కావున లావు టైరును సన్నని రిమ్ముపై ఎక్కించి సన్న టైరునకు కొట్టునంత గాలి కొట్టినచో, రిమ్ము గోడలు వెలుపలికి ఒరగును. బ్రేకు దిమ్మలు ఏళ్ల తరబడి ఒరసి ఒరసి ఆ గోడలు పలుచనైనచో, ఒకనాడు చీలును. గాలి తగ్గించితిమా, వేరొక బాధ: లావు టైరు సన్నని మెడపై నిలిచిన కుండవలె ప్రక్కలకు ఊగును, మలుపులో చక్రము ఒక త్రోవను, సైకిలు ఒక త్రోవను పోవుచున్నట్లుండును.

దీనికి విపరీతమైనది వెడల్పు రిమ్ముపై సన్న టైరు. అప్పుడు టైరు ప్రక్కలు చాపినట్లు విప్పారి, మీది వంపు తగ్గి చదునగును. గుంటలో పడినపుడు రిమ్మును కాపాడు గాలి మెత్త తక్కువ. రిమ్ము అంచు రాతిని తాకును. రెంటి నడుమ నలిగిన ట్యూబు రెండు చోట్ల, పాము కాటువలె, తెగును. టైరు అంచు కూడ రిమ్ము గోడకు ఆనవలసిన రీతిగా ఆనదు.

ఈ రెండు కొసల నడుమ పనివారు పాటించు సామాన్య సూత్రమొకటి కలదు. టైరు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పునకు సుమారు ఒకటిన్నర రెట్లకు దగ్గరగా మొదలై, రెండు రెట్ల లోపల నుండవలెను. రిమ్ము లోపలి వెడల్పు 20 మిల్లీమీటర్లైనచో 28 మొదలు 40 వఱకు గల టైర్లు నిశ్చింతగా వేయవచ్చును. ప్రమాణముల పట్టికలు తక్కువ పీడనమున ఇంతకంటె లావు టైర్లకును అనుమతినిచ్చును. అయినను ఇంటి సైకిలునకు ఈ సూత్రము క్షేమము. ఇంకొక సంగతి గమనింపదగినది. టైరుపై వ్రాసిన వెడల్పు ఒక నిర్ణీతమైన రిమ్ముపై కొలిచినది. రిమ్ము వెడల్పు ఒక మిల్లీమీటరు పెరిగినచో టైరు సుమారు అర మిల్లీమీటరు లోపల విప్పారును. కావున అదే టైరు వేరొక సైకిలునకు వేసినపుడు ఫోర్కును, బ్రేకును రాయవచ్చును.

ఇవన్నియు ఏనాడో తేలిన విషయములని తలచుటకు వీలు లేదు. 1970ల నుండి సన్నని టైర్లలో ఎక్కువ గాలి కొట్టు అలవాటు ప్రబలినపుడు, బార్ట్‌లెట్ కొక్కెము తిరిగి వచ్చినది. తీగ గల టైరునకే రిమ్మున చిన్న కొక్కెము చేర్చిరి. తీగ, కొక్కెము రెండును కలిసి టైరును పట్టినవి. ఇటీవలి సంవత్సరములలో పందెపు సైకిళ్ల రిమ్ములు మరల వెడల్పైనవి. తయారీ సులువు కొరకు కొందరు కొక్కెమును తీసివేసిరి. పాత వెస్ట్‌వుడ్ రిమ్మునను కొక్కెము లేదు గదా యని అనవచ్చును. నిజమే, కాని దానిపై లావు టైరు, తక్కువ గాలి. క్రొత్త రిమ్ములపై టైరు అంత లావు కాదు. అందుచే ప్రమాణములవారు కొక్కెము లేని రిమ్మునకు 5 బారులను, అనగా సుమారు 72 పౌండ్లను, మించి గాలి కొట్టరాదని హద్దు పెట్టిరి.

2024 ఫిబ్రవరిలో అరబ్బు ఎమిరేట్సులో జరిగిన పందెమున బెల్జియము పందెగాడు టామస్ డి గెంట్ పడిపోయెను. ముందు టైరు రిమ్మును విడిచి వ్రేలాడుచున్న ఛాయాచిత్రము లోకమంతయు చూచినది. రిమ్ము కొక్కెము లేనిది, లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లు, టైరు 28. రాయి తగులుటయే కారణమని ఒకరు, ఆ జోడియే సరికాదని మరియొకరు వాదించిరి. అట్టి రిమ్మునకు ప్రమాణములలో కనీసపు టైరు 28 నుండి 29కి జరిగినది. ఒక్క మిల్లీమీటరు! గోటి మందమంత ఆ భేదమును గురించి నిపుణులు అంతగా తర్కించిరన్నచో, వెడల్పుల పొత్తు ఎంత సున్నితమైనదో తెలియగలదు.

మన ఇండ్లలోని సైకిళ్లు అట్టి వేగమున పోవు. అయినను టైరు మార్చునపుడు పాటింపదగినవి కొన్ని కలవు. అంగుళముల అంకెను నమ్మక, పాత టైరు ప్రక్కన గీతతో విడదీసి వ్రాసిన రెండంకెలను చదువవలెను. రెండవ అంకె తు.చ. తప్పక కలియవలెను, అందు ఒక్క మిల్లీమీటరు రాజీ కూడ పనికిరాదు. మొదటి అంకెలో కొంత వెసులుబాటు కలదు. దానికి హద్దు రిమ్ము లోపలి వెడల్పు. టైరు ఊడదీసినపుడు స్కేలుతో రిమ్ము గోడల నడుమ కొలుచుట నిమిషము పని. బ్రేకు దిమ్మలు రిమ్ము ప్రక్కను పట్టు సైకిలైనచో, ఆ ప్రక్క గోడ పలుచబడి లోనికి గుంట పడినదేమో వ్రేలితో తడిమి చూడవలెను. టైరు ఎక్కించిన పిమ్మట గాలి కొంచెమే కొట్టి, చక్రమును త్రిప్పి, టైరు అంచు ప్రక్కన అచ్చులో పోసిన సన్నని గీత చుట్టును రిమ్మునకు సమదూరమున ఉన్నదా యని చూడవలెను. ఒకచోట లోనికి, ఒకచోట బయటికి ఉన్నచో గాలి తీసి సరిచేయవలెను. తరువాతనే నిండుగా గాలి కొట్టవలెను. టైరుపై వ్రాసిన పీడనమునకును, రిమ్ము తాళు పీడనమునకును ఏది తక్కువయో అదియే మనకు హద్దు.

డన్‌లప్ కట్టిన మొదటి చక్రమున టైరు, రిమ్ము జిగురుతో అంటి ఒక్కటిగా ఉండెను. మిషెలిన్, వెల్చ్, బార్ట్‌లెట్ వాటిని విడదీసి మనకు గొప్ప సౌకర్యము కలిగించిరి. నాటినుండి టైరు ఒక కర్మాగారమున, రిమ్ము ఒక కర్మాగారమున పుట్టుచున్నవి. వేర్వేరు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. వాటిని మరల ఒక్కటిగా కూర్చు బాధ్యత జిగురునుండి కొలతకు మారినది. ఆ కొలతను చూచు పని సైకిలు షాపువానిది కొంత, సైకిలు గలవారిది కొంత.